ఏఐ మౌస్‌లో ఏఐ ఎక్కడుంది?

చెన్నై మౌంట్ రోడ్డు నుంచి చింతాద్రిపేట వైపు మళ్లితే వచ్చే రిచీ స్ట్రీట్‌లో మౌస్ కొనడానికి వెళ్లినవారిని దుకాణదారు ఒకప్పుడు ఒకే ప్రశ్న అడిగేవాడు: వైరుదా, వైర్‌లెస్సా? ఇప్పుడు దానికి మరొకటి తోడైంది: మామూలుదా, ఏఐదా? రెండు పెట్టెలూ విప్పి పక్కపక్కన పెట్టి చూస్తే ఆకారంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. రెండింటికీ కుడి ఎడమ బటన్లు, మధ్యలో చక్రం, అడుగున సెన్సర్ ఉంటాయి. ఏఐ మౌస్‌కు చక్రం వెనకాల ఒక బటన్ అదనంగా ఉంటుంది, కొన్నింటికి మైకు కోసం సన్నటి రంధ్రం కూడా ఉంటుంది. పెట్టె మీది రాతల్లో మాత్రం ఎక్కడా పోలిక ఉండదు. మాట్లాడితే టైపు చేస్తుందని, ఏ భాషలోకైనా అనువదిస్తుందని, మెయిళ్లు తానే రాసిపెడుతుందని ఏఐ మౌస్ పెట్టె చెబుతుంది, ఆ మాటలకు తగినట్టే ధర కూడా ఉంటుంది.

ఈ హామీలను దుకాణంలోనే పరీక్షించే మార్గం ఒకటుంది. డెమో కోసం పెట్టిన కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేసి, ఆ అదనపు బటన్ నొక్కి చూడాలి. కర్సర్ కదులుతుంది, క్లిక్ పడుతుంది, చక్రం తిరుగుతుంది, తెలివి అని చెప్పినది మాత్రం దాదాపు అన్ని నమూనాల్లోనూ అక్కడితో ఆగిపోతుంది. కనెక్షన్ లేదన్న చిన్న గడి ఒకటి తెర మీద తేలుతుంది. దుకాణదారు దాన్ని నెట్ లోపం కింద కొట్టిపారేస్తాడు కానీ, ఆ వస్తువు నిర్మాణమే అది. వాక్యాన్ని తిరగరాసేది, అనువదించేది, సారాంశం తీసేది ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌లో నడిచే భాషా నమూనా, అంటే రాతను చదివి జవాబు రాసే ఏఐ ప్రోగ్రాం. చేతిలో ఉన్నది దాన్ని పిలిచే కాలింగ్ బెల్ మాత్రమే.

ఈ మాటకు పెద్ద కంపెనీల దగ్గరే సాక్ష్యం దొరుకుతుంది. స్విట్జర్లాండ్‌లో 1981లో పుట్టిన లాజిటెక్ 2024 ఏప్రిల్‌లో ‘సిగ్నేచర్ ఏఐ ఎడిషన్’ పేరుతో ఒక మౌస్‌ను 49.99 డాలర్లకు విడుదల చేసింది. అది అప్పటికే అమ్ముడవుతున్న ఎం750 నమూనాయే, దాని మీద ఏఐకి కేటాయించిన బటన్ ఒకటి వచ్చింది. ఆ బటన్ నొక్కితే లాజి ఆప్షన్స్ ప్లస్ అనే సాఫ్ట్‌వేర్‌లోని ‘ఏఐ ప్రాంప్ట్ బిల్డర్’ తెరుచుకుంటుంది, ఎంచుకున్న పాఠాన్ని, అంటే తెర మీద రాసి ఉన్న వాక్యాలను, చాట్‌జీపీటీకి పంపుతుంది. అదే ప్రాంప్ట్ బిల్డర్‌ను ఆ కంపెనీ ఆప్షన్స్ ప్లస్‌తో పనిచేసే తన పాత మౌస్‌లకూ కీబోర్డులకూ ఉచితంగానే ఇచ్చింది. కొత్త మౌస్ కొన్నవారికీ, రెండేళ్ల కిందటి మౌస్ వాడుతున్నవారికీ ఒకే సౌకర్యం అందినప్పుడు, ఆ సౌకర్యం మౌస్‌లో లేదని వేరే రుజువు అక్కర్లేదు. అదే ఏడాది జనవరిలో మైక్రోసాఫ్ట్ తన ఏఐ సహాయకుడు కోపైలట్‌ను పిలిచే కీని కీబోర్డుల మీద ప్రకటించింది. ఏఐ సేవలను జనం మరిచిపోకుండా చేతికి తగిలేచోట ఒక గుర్తు పెట్టాలన్న ఆలోచన రెండింటిలోనూ కనిపిస్తుంది.

పేరులో తెలివిని చేర్చడం మౌస్ చరిత్రలో కొత్తేమీ కాదు. 1996లో మైక్రోసాఫ్ట్ చక్రం ఉన్న మౌస్‌ను జనంలోకి తెచ్చినప్పుడు దానికి ‘ఇంటెల్లిమౌస్’ అని పేరు పెట్టింది. ఆ తెలివి ఏమిటంటే, పేజీని పైకీ కిందికీ జరపడానికి ఒక చక్రం. అయినా చక్రం నిలిచింది, పేరులోని గొప్ప ఎవరికీ గుర్తులేదు. అంతకు ముందు 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్, బిల్ ఇంగ్లిష్ కలిసి చేసిన మొదటి మౌస్ ఒక చెక్క పెట్టె, దానికి ఒకే బటన్, అడుగున రెండు చక్రాలు. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాన్ని సభలో చూపించాడు. మనిషి మేధను యంత్రం సాయంతో పెంచడం గురించి అతడు 1962లోనే ఒక నివేదిక రాశాడు. తెర మీద ఒక చోటును చూపించే పని మౌస్‌ది, ఆలోచించే పని మనిషిది అన్న విభజన ఆనాటిది. ఏఐ మౌస్ అమ్మేవాళ్లు ఇప్పుడు చెరిపేయజూస్తున్నది సరిగ్గా ఈ గీతనే.

మౌస్ లోపల లెక్క జరగడం లేదని దీని అర్థం కాదు. నేటి ఆప్టికల్ మౌస్ అడుగున ఉన్న సెన్సర్ ఒక చిట్టి కెమెరా. కింద ఉన్న బల్ల ఉపరితలాన్ని సెకనుకు వేల సార్లు ఫొటో తీసి, ఒక ఫొటోకూ మరుసటి ఫొటోకూ మధ్య గరుకు గీతలు ఎటు ఎంత జరిగాయో పోల్చి, కర్సర్‌ను అంత కదిలిస్తుంది. గాజు బల్ల మీద మౌస్ తడబడేది అందుకే, పోల్చుకోవడానికి దానికి గీతలు దొరకవు. నైపుణ్యమున్న గణితమే అయినా అందులో భాష లేదు, అర్థం లేదు.

మరి ఏఐ బటన్ నొక్కినప్పుడు జరిగేదేమిటి? మౌస్ కంప్యూటర్‌కు ఒక సంకేతం పంపుతుంది. కంప్యూటర్‌లో ముందే ఎక్కించుకున్న అనుబంధ సాఫ్ట్‌వేర్ ఆ సంకేతాన్ని పట్టుకుని, తెర మీద అప్పటికి ఎంచుకుని ఉన్న పాఠాన్ని తీసుకుంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు ఇందుకోసం లోలోపల కాపీ ఆదేశాన్నే నొక్కుతాయి. అందుకే బటన్ వాడాక క్లిప్‌బోర్డులో అంతకు ముందు దాచుకున్న అంశం మాయమైందని కొందరు గమనిస్తారు. ఆ పాఠానికి ‘క్లుప్తంగా చెప్పు’, ‘మర్యాదగా తిరగరాయి’, ‘అనువదించు’ వంటి ముందుగా రాసిపెట్టిన ఆదేశాల్లో ఒకటి జోడించి సర్వర్‌కు పంపుతుంది. వచ్చిన జవాబును ఒక గడిలో చూపుతుంది. ఇందులో మౌస్ వంతు మొదటి అడుగు ఒక్కటే.

ఆ ఒక్క అడుగుకూ విలువ లేదనడం తొందరపాటవుతుంది. కంప్యూటర్ మీద చేసే పనికి పట్టే కాలాన్ని అడుగులుగా విడగొట్టి అంచనా వేసే పద్ధతిని కార్డ్, మొరాన్, న్యూవెల్ అనే పరిశోధకులు 1980లో ప్రతిపాదించారు. దాని ప్రకారం మౌస్‌తో ఒక చోటును చూపడానికి సుమారు 1.1 సెకను, చేయి మౌస్ నుంచి కీబోర్డుకు మారడానికి 0.4 సెకను, తరవాతి అడుగేమిటని మనసులో సిద్ధపడడానికి 1.35 సెకను పడతాయి. మామూలు పద్ధతిలో పాఠం కాపీ చేసి, బ్రౌజర్‌లో ఏఐ పేజీకి వెళ్లి, గడిలో అతికించి, ‘దీన్ని తెలుగులో క్లుప్తంగా చెప్పు’ అని టైపు చేయడానికి ఈ లెక్కన 15 సెకన్ల దాకా అవుతుంది. బటన్ నొక్కి ఆదేశం ఎంచుకోవడానికి మూడు సెకన్లు చాలు. అంటే ఒక్కో సారికి 12 సెకన్లు మిగులుతాయి. రోజుకు ఇరవై సార్లు వాడేవారికి నాలుగు నిమిషాలు.

అయితే ఈ పొదుపు అంతా జవాబు వచ్చేదాకానే. వచ్చిన జవాబును చదవాలి, మూలంతో పోల్చాలి, తప్పుంటే దిద్దాలి. ఆ పని నిమిషాల్లో సాగుతుంది, బటన్ దాన్ని ఒక్క క్షణం కూడా తగ్గించదు. పైగా అడగడం తేలికైతే మామూలుగా చదివి అర్థం చేసుకునే నాలుగు వాక్యాల మెయిల్‌కు కూడా సారాంశం అడిగే అలవాటు పడుతుంది. పన్నెండు సెకన్లు మిగిల్చిన బటనే రెండు నిమిషాలు తినేస్తుంది. ఇంగ్లిష్‌లో పనిచేసేవారికి ఇది చిన్న సంగతి. తెలుగులో పనిచేసేవారికి చిక్కు ఇంకా ముందే, పాఠాన్ని ఎంచుకునే దగ్గరే మొదలవుతుంది.

చెన్నైలో ఇప్పటికీ తెలుగు పెళ్లి శుభలేఖలు, గుడి కరపత్రాలు, తెలుగు సంఘాల సంచికలు అచ్చవుతున్నాయి. వీటిని తయారుచేసే డీటీపీ పనివారిలో చాలామంది పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనో, శ్రీలిపితోనో టైపు చేస్తారు. ఆ ఫాంట్లు, ప్రతి భాష అక్షరానికీ తనదైన సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతి కంటే ముందు తరానివి. తెర మీద ‘చిరంజీవి సౌభాగ్యవతి’ అని చక్కటి తెలుగులో కనిపించే వరుస, ఫైలు లోపల ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, విచిత్రమైన గుర్తుల కలగాపులగంగా నిలవ ఉంటుంది. ఏ గుర్తుకు ఏ తెలుగు రూపం గీయాలో ఫాంటుకు మాత్రమే తెలుసు. ఆ వరుసను ఎంచుకుని ఏఐ బటన్ నొక్కితే సర్వర్‌కు చేరేది ఆ కలగాపులగమే. అచ్చుతప్పులు చూడమన్న ఆదేశానికి జవాబుగా ఏఐ ఏదో ఒక యూరప్ భాష అనుకుని అనువాదం చేయబోతుంది, లేదంటే పాఠం పాడైందని చెబుతుంది. రెండోది జరిగితే అదృష్టం. ఆ డీటీపీ ఆపరేటర్‌కు ముందు కావలసింది పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే సాధనం, ఎంత ఖరీదైన మౌస్ అయినా ఆ పని చేయదు.

యూనికోడ్‌లో టైపు చేసిన పాఠాలన్నీ సవ్యంగా ఉంటాయా అంటే, పీడీఎఫ్ దగ్గర మళ్లీ దెబ్బ తగులుతుంది. పీడీఎఫ్ అక్షరాలను చదివే క్రమంలో కాకుండా గీసే క్రమంలో దాచడం తరచుగా జరుగుతుంది. తెలుగులో ఒత్తు కింద ఉంటుంది, గుడి పైన ఉంటుంది, గీసే క్రమం పలికే క్రమంతో కలవదు. కంటికి ‘తూర్పు’ అని కనిపించే మాట కాపీ చేస్తే ‘తూరుప్’ అని వస్తుంది, ‘హద్దులు’ కాస్తా ‘హదుద్లు’ అవుతుంది, కొన్నిసార్లు ఒత్తులు పూర్తిగా రాలిపోతాయి. ఏఐకి అందేది ఈ రూపమే.

దీని ఫలితం ఎక్కడిదాకా వెళ్తుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. నెల్లూరు జిల్లాలో భూమి ఉండి చెన్నైలో ఉద్యోగం చేసుకునే కుటుంబానికి ఊరి నుంచి భాగపంపకాల దస్తావేజు పీడీఎఫ్‌గా వచ్చిందనుకుందాం. పన్నెండు పేజీల గ్రాంథిక తెలుగు, మధ్యమధ్య ‘యావదాస్తి’, ‘దఖలుపరచి’, ‘చెక్కుబందీ’ వంటి మాటలు. చెన్నైలో పెరిగిన కొడుకుకు తెలుగు చదవడం వచ్చు కానీ ఈ తెలుగు కొరుకుడుపడదు. అతడు పేజీలన్నీ ఎంచుకుని బటన్ నొక్కి సారాంశం అడుగుతాడు. రెండు మూడు సెకన్లలో చక్కటి వాడుక తెలుగులో జవాబు వస్తుంది: ఫలానా సర్వే నంబరు, ఇంత విస్తీర్ణం, తూర్పున పంట కాలువ, పడమర పెద్దవారి భాగం. మూలంలో ‘తూరుప్’, ‘పడమర’ అన్న మాటలు ఒకదాని పక్కకు ఒకటి జరిగి, వాటి ఎదుట ఉండవలసిన వివరాలు కింది వరుసలోకి దిగిపోయి ఉంటే, ఏఐ వాటిని తనకు తోచినట్టు జతపరుస్తుంది. ఎక్కడ జతపరిచిందో చెప్పదు. కాలువ తూర్పున ఉందో పడమర ఉందో దాని వాక్యం తీరును బట్టి తేల్చుకోలేము, రెండు విధాలుగానూ అది ఒకే నిబ్బరంతో రాస్తుంది.

కొలతల విషయంలో ప్రమాదం ఇంకాస్త సూక్ష్మంగా ఉంటుంది. సెంటు అంటే ఎకరంలో నూరో వంతు అన్నది స్థిరమైన లెక్క. అంకణం అలా కాదు, ఊరిని బట్టి కొలత మారుతుంది. దస్తావేజులో అంకణాల్లో రాసిన ఇంటి స్థలాన్ని చదరపు అడుగుల్లోకి మార్చి చెప్పమంటే, ఏఐ ఏదో ఒక ప్రాంతపు లెక్క తీసుకుని అంకె వేస్తుంది. ఆ అంకె ఊళ్లో చెల్లే లెక్కకు సగమో రెట్టింపో కావచ్చు. ఇటువంటి కాగితాల దగ్గర బటన్ చేయగలిగిన మేలు, కఠినమైన మాటలకు అర్థం చెప్పడం వరకే. ‘చెక్కుబందీ’ అంటే ఏమిటని ఆ ఒక్క మాటను ఎంచుకుని అడిగితే హద్దుల వివరణ అని సరిగానే చెప్పే అవకాశం ఎక్కువ. హద్దులూ అంకెలూ మాత్రం కాగితం మీద వేలు పెట్టి మనిషే చదువుకోవాలి.

తెలుగు పాఠానికి మరో సన్నటి భారం కూడా ఉంది, అది తెర మీద కనిపించదు. భాషా నమూనాలు పాఠాన్ని టోకెన్లు అనే ముక్కలుగా కోసుకుని చదువుతాయి, సేవలు అందించేవారు లెక్కగట్టేది ఈ ముక్కలనే. 2024 మేలో ఓపెన్ఏఐ సంస్థ జీపీటీ-4ఓను విడుదల చేస్తూ, ఒకే పరిచయ వాక్యాలను వివిధ భాషల్లో పోల్చి చూపింది. పాత పద్ధతిలో 159 ముక్కలైన తెలుగు పాఠం కొత్త పద్ధతిలో 45 ముక్కలకు దిగింది. పెద్ద మెరుగుదలే. అదే పట్టికలో ఇంగ్లిష్ పాఠం 27 నుంచి 24కు దిగింది. అంటే మెరుగైన తరవాత కూడా అదే సంగతి తెలుగులో చెబితే దాదాపు రెట్టింపు ముక్కలవుతుంది. కొన్ని ఏఐ మౌస్‌లతో నెలకు ఇన్ని పదాలనో, ఇన్ని సార్లనో పరిమితి పెట్టి ఉచిత వాడకం ఇస్తారు. ఆ పరిమితిని టోకెన్ల లెక్కన పెట్టిన చోట తెలుగులో అది ముందే నిండిపోతుంది.

ఇంత చెప్పాక, చెన్నైలోని తెలుగువారికి ఈ బటన్ నిజంగా పనికొచ్చే చోటు ఒకటుందని ఒప్పుకోవాలి. అది తమిళం. ఏళ్ల తరబడి ఇక్కడ ఉంటూ, కూరగాయల బండి దగ్గరా ఆటో దగ్గరా ధారాళంగా తమిళం మాట్లాడుతూ, ఒక్క తమిళ అక్షరం చదవలేని తెలుగువారు అపార్ట్‌మెంటుకు నలుగురైనా ఉంటారు. అపార్ట్‌మెంటు సంఘం మెయిల్‌లో వచ్చే నీళ్ల ట్యాంకు కడిగే రోజు సమాచారం, కరెంటు కోత ప్రకటన, బడి నుంచి వచ్చే సెలవు నోటీసు వారికి అందని మాటలు కావు, అందని అక్షరాలు. వాటిని ఎంచుకుని తెలుగులో చెప్పమంటే ఏఐ బాగానే చెబుతుంది. తప్పు జరిగినా పక్కింటివారిని అడిగితే తేలిపోయే సంగతులివి.

ఇక్కడా జాగ్రత్త పడవలసింది పేర్ల దగ్గర. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరం, త వర్గానికీ ప వర్గానికీ కూడా అంతే. గంగాధర్ అన్న పేరును తమిళంలో రాసి, అక్షరానికి అక్షరం తెలుగులోకి తెస్తే ‘కంకాతర్’ అవుతుంది. పేరు బాగా తెలిసినదైతే ఏఐ సందర్భాన్ని బట్టి గంగాధర్ అనే రాస్తుంది. ఇంటిపేర్ల దగ్గరా, పల్లెల పేర్ల దగ్గరా అలా ఊహించుకోవడానికి దానికి ఆధారం ఉండదు. తమిళనాడు రిజిస్ట్రేషన్ కాగితాల్లోని తెలుగు ఇంటిపేర్లను ఈ దారిన తెలుగులోకి మార్చుకుని మరో దరఖాస్తులో నింపితే, రెండు చోట్ల రెండు పేర్లు పడి, అదే మనిషినని అఫిడవిట్ పెట్టుకోవలసిన పరిస్థితి వస్తుంది.

మైకు ఉన్న మౌస్‌ల సంగతి వేరు. బటన్ నొక్కి పట్టుకుని మాట్లాడితే కర్సర్ ఉన్నచోట అక్షరాలు పడతాయి. ఈ రకం చైనాలో ముందుగా వ్యాపించింది, అక్కడ వేల అక్షరాలున్న లిపిని కీబోర్డు మీద నేరుగా టైపు చేయలేరు కనక మాటల టైపింగ్‌కు గిరాకీ సహజం. తెలుగు టైపింగ్ రానివారి సంఖ్య చూస్తే ఇక్కడా అంతే గిరాకీ ఉండాలి. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక నేర్చుకోని పెద్దవారికి, కంటిచూపు తగ్గినవారికి, మణికట్టు నొప్పితో కీబోర్డు వాడలేనివారికి మాటల టైపింగ్ గొప్ప ఊరట. అయితే దానికి మైకు మౌస్‌లోనే ఉండాలా అన్నది ప్రశ్న. మౌస్ అరచేతి కింద, బల్లకు ఆనుకుని ఉంటుంది. బల్ల మీద కప్పు పెట్టిన చప్పుడు, వేలి క్లిక్కు, మౌస్ జరిగిన గరగర ముందు దానికే వినిపిస్తాయి, మాట్లాడే నోరు రెండడుగుల దూరంలో ఉంటుంది. ఇరవై రూపాయల మైకైనా కాలరుకు తగిలించుకుంటే ఇంతకంటే బాగా వింటుందనడం కాస్త అతిశయోక్తి కావచ్చు కానీ, అబద్ధమైతే కాదు.

మాటను అక్షరంగా మార్చే అసలు పని ఎలాగూ సాఫ్ట్‌వేర్‌దే. గూగుల్ 2017లోనే తన మాటల టైపింగ్‌కు తెలుగును చేర్చింది, క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచినవారు ఏ మౌస్‌తోనైనా దాన్ని వాడుకోవచ్చు. చెన్నైలోనే, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ కేంద్రం భారతీయ భాషలకు మాటల గుర్తింపు, అనువాద నమూనాలు తయారుచేసి అందరికీ తెరిచి ఉంచుతోంది. 2023లో అది వెలువరించిన ఇండిక్‌ట్రాన్స్2 అనువాద నమూనా రాజ్యాంగం గుర్తించిన 22 భాషలకూ పనిచేస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి వేదిక కూడా ఈ దారిదే. తెలుగు మాటను కంప్యూటర్ ఎంత బాగా పట్టుకుంటుందన్నది ఇటువంటి చోట్ల జరిగే పని మీద ఆధారపడుతుంది. రిచీ స్ట్రీట్ నుంచి గిండీ దాటి అక్కడికి వెళ్లడానికి అరగంట, ముప్పావుగంట పడుతుంది. మౌస్ పెట్టె మీద మాత్రం ఆ ఊసే ఉండదు.

చెన్నై తెలుగు ఈ యంత్రాలకు పెట్టే పరీక్ష ప్రత్యేకమైనది. ‘సెరి, ఇన్వాయిస్ మెయిల్ పెట్టేశాను, నాళెకి చెక్కు వస్తుంది’ అన్న వాక్యంలో మూడు భాషలు ఉన్నాయి (తమిళంలో ‘సెరి’ అంటే సరే, ‘నాళె’ అంటే రేపు), మాట్లాడేవారికి అది ఒకే భాష. తెలుగు అని ఎంచుకున్న యంత్రం ‘నాళెకి’ దగ్గర తికమకపడి ‘నాలుకకి’ అని రాయవచ్చు. ఈ తప్పు చూసి నవ్వుకుని దిద్దుకోవచ్చు. ‘పదిహేను’ అన్నది ‘పది, ఏను’గా విడిపోయి రసీదులో 10 అని పడితే మాత్రం ఎవరూ నవ్వరు.

ఉత్తరాలు తానే రాస్తుందన్న హామీని తెలుగులో పరీక్షించినవారికి మరో లోపం వెంటనే కనిపిస్తుంది. ఊళ్లో ఉన్న పెదనాన్నకు భూమి విషయమై మర్యాదగా ఒక ఉత్తరం రాయమంటే, అది ‘ప్రియమైన పెదనాన్న’ అని మొదలుపెడుతుంది. ఇంగ్లిష్ సంబోధనను దించి పెట్టిన మాట అది. ఏ తెలుగు ఇంట్లోనూ కొడుకు వరసవాడు అలా రాయడు, ‘పెదనాన్నగారికి నమస్కారములు’ అని మొదలుపెట్టి, ఇక్కడ అందరమూ క్షేమమని చెప్పి, పెద్దమ్మ ఆరోగ్యం అడిగి, ఆ తరవాతే భూమి మాట ఎత్తుతాడు. ఏఐ తన రెండో వాక్యంలోనే భూమి సంగతికి వస్తుంది. వ్యాకరణం తప్పు పట్టలేము, ఉత్తరం చదివిన పెదనాన్నకు మాత్రం కోపం వస్తుంది.

ఇక రహస్యం మాట. చెన్నైలోని ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పొడవునా ఉన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో ఏఐ మౌస్ వాడకానికి అసలు అడ్డంకి ఇదే. ఎంచుకున్న పాఠం కార్యాలయం దాటి బయటి సర్వర్‌కు వెళ్తుంది. బ్రౌజర్‌లో కాపీ చేసి అతికించేటప్పుడు కనీసం ‘ఇది బయటికి పంపుతున్నాను’ అన్న స్పృహ ఉంటుంది. బటన్ ఆ అడుగులను మింగేయడంతో స్పృహ కూడా పోతుంది. పైన లెక్కేసిన 12 సెకన్ల పొదుపులో ఆలోచించుకునే ఆ 1.35 సెకన్లు కూడా ఉన్నాయని మరవకూడదు. 2023లో ఉద్యోగులు సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని బయటపడ్డాక శాంసంగ్ తన కార్యాలయాల్లో అటువంటి సేవలను నిషేధించింది. 2025 జనవరి చివర్లో కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ తన ఉద్యోగులను కార్యాలయ కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడవద్దని కోరింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, ప్రజల సమాచారానికి తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఖాతాదారుల పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న పట్టికను ఎంచుకుని ‘సారాంశం’ నొక్కిన ఉద్యోగి సరిగ్గా ఆ పరిధిలోకే అడుగుపెడతాడు. లాజిటెక్ వంటి పేరున్న కంపెనీల సాఫ్ట్‌వేర్ పాఠాన్ని ఎవరికి పంపుతుందో కనీసం తెలుసు. ఊరూపేరూ లేని పెట్టెలో వచ్చి, క్యూఆర్ కోడ్ ద్వారా యాప్ ఎక్కించుకోమనే మౌస్ విషయంలో అదీ తెలియదు.

మౌస్‌కూ ఏఐకీ మధ్య ఉన్న సంబంధాన్ని తిరగేసి చూపిన ప్రయోగం ఒకటి 2025లో వెలుగులోకి వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఇర్విన్ పరిశోధకులు 20,000 డీపీఐ (సెన్సర్ సూక్ష్మతకు కొలత) స్థాయి సెన్సర్లున్న మౌస్‌లు, గదిలో మాట్లాడినప్పుడు బల్లలో పుట్టే సన్నటి కంపనాలను కూడా పట్టుకుంటాయని, ఆ కదలికల నుంచి మాటలను కొంతమేరకు తిరిగి రాబట్టవచ్చని చూపారు. ఆ మౌస్‌లకు మైకు లేదు, పెట్టె మీద ఏఐ అని రాసి లేదు. వింటున్నది బల్ల ఫొటోలు తీసే ఆ చిట్టి సెన్సరే. మాటలను ఏరి తీసే పని మాత్రం బయట ఉన్న యంత్ర అభ్యాస (మెషిన్ లెర్నింగ్) నమూనాది, ఇక్కడా తెలివి మౌస్ బయటే ఉంది. రోజువారీ కార్యాలయంలో ఇది వెంటనే ముంచుకొచ్చే ముప్పు కాదు.

చివరికి మిగిలేది, ఆ బటన్ ఎన్నాళ్లు పనిచేస్తుందన్న ప్రశ్న. మామూలు మౌస్ పదేళ్లయినా కర్సర్‌ను కదుపుతుంది. ఏఐ బటన్ బతుకు మాత్రం కంపెనీ సర్వర్, సాఫ్ట్‌వేర్, వెనకనున్న భాషా సేవ, ఈ మూడింటి మీదా ఆధారపడి ఉంటుంది. ఎప్పటికీ మార్చనక్కర్లేని మౌస్ ఒకటి చేసి, దాని సాఫ్ట్‌వేర్‌కు చందా తీసుకునే అవకాశం గురించి లాజిటెక్ అధిపతి హనెకె ఫేబర్ 2024 జులైలో ఒక ఇంటర్వ్యూలో మాట్లాడినప్పుడు పెద్ద దుమారమే రేగింది, అటువంటి పథకమేదీ లేదని కంపెనీ వివరణ ఇచ్చుకుంది. చందా రాకపోయినా సాఫ్ట్‌వేర్ మద్దతు ఏదో ఒక రోజు ఆగుతుంది. కొనేముందు చూసుకోవలసింది అదే: అనుబంధ యాప్ లేకుండా కూడా ఆ బటన్‌కు మరో పని అప్పగించే వీలుందా, లేక యాప్ పోతే అది ప్లాస్టిక్ బొడిపెగా మిగులుతుందా? ఆ వీలున్న మౌస్ అయితే, ఏఐ సేవ ఆగిపోయిన రోజున ఆ బటన్‌కు మామూలు కాపీ ఆదేశం పెట్టుకోవచ్చు. రోజంతా పేజ్‌మేకర్ ముందు కూర్చునే శుభలేఖల ఆపరేటర్‌కు, అను ఫాంట్లలో కూడా తప్పకుండా పనిచేసే ఆదేశం అది.